డాలియా గడ్డకి కన్ను ఎక్కడుంటుంది?

(తిరుపతిలో మిద్దె తోటలు పెంచుకునేవాళ్లు ఆగస్టు నెలలో ఒక ఆదివారం పొద్దున కూడినప్పుడు, జీవశాస్త్రం చెప్పి రిటైరైన ఒక టీచరమ్మ మాట్లాడిన మాటలివి. ఫోనులో రికార్డు చేసుకుని, ఆమె మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. మైకు పక్కన పెట్టేయండి నాయనా, అరవైమంది పిల్లల క్లాసులో ముప్పై ఏళ్లు అరిచిన గొంతు ఇది.

ముందు ఈ రెండు డాలియా గడ్డలు మీ చేతికిస్తా. ఒకటి ఈ వరస నుంచి, ఇంకోటి ఆ వరస నుంచి. చూసి పక్కవాళ్లకి ఇయ్యండి, గిల్లొద్దు. ఒకటి గెనిసిగడ్డ మాదిరి నున్నగా, లావుగా ఉంది. రెండోది నా బొటనవేలంత. ముడతలు పడి, తలకాయ దగ్గర పాత కాడ ముక్క అంటుకోనుంది. ఈ రెంటిలో ఏది మొలుస్తుంది? నేను ముగించేలోపల చెప్పండి.

ఈ పరీక్ష నాకు ఊరికే రాలేదు. నాలుగేళ్ల కింద ఫోనులో బొమ్మ చూసి ఆరు గడ్డలు తెప్పించుకున్నా. బొమ్మలో పువ్వు నీలం, నెమలి మెడ రంగు. పిల్లలకి పాఠం చెప్పినదాన్ని, నాకే బుద్ధి ఉండాల. డాలియాలో నీలం లేదు. తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు, గులాబి, ఊదా, నలుపేమో అనిపించే ముదురు ఎరుపు, ఇన్ని ఉన్నాయి గానీ నీలానికి కావాల్సిన రంగుపదార్థం ఆ మొక్క తయారుచేసుకోలేదు. ఆ సంగతి తెలిసీ డబ్బు కట్టినా. వచ్చినవి ఆరూ మంచి లావుపాటి గడ్డలు. తడి ఇసకలో పెట్టి రోజూ తెల్లారి లేస్తూనే పోయి చూసేదాన్ని. నెల తిరిగేసరికి ఆరూ మెత్తబడి వాసన కొట్టినాయి. అమ్మినాయనకి ఫోటో పంపిస్తే "నీళ్లు ఎక్కువ పోసుంటారు మేడమ్" అన్నాడు. నీళ్లు కాదు నాయనా, వాటికి కన్ను లేదు.

ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, అందరికీ తెలుసు. దాని ఒంటినిండా కళ్లే, అంటే మొలకొచ్చే మొగ్గలే. ముక్కకొక కన్ను ఉండేట్టు నాలుగు ముక్కలు కోస్తే నాలుగు మొక్కలు. ఎందుకంటే ఉర్లగడ్డ వేరు కాదు, భూమిలో లావెక్కిన కాండం. మొగ్గలు కాండానికి ఉంటాయి. డాలియా గడ్డ అట్లా కాదు, అది లావెక్కిన వేరు. గెనిసిగడ్డ కూడా వేరే కదా టీచరమ్మా, అది మొలుస్తుంది కదా అని పోయినసారి ఒకాయన పట్టుకున్నాడు నన్ను. మంచి ప్రశ్న. గెనిసిగడ్డకి వేరు మీదనే కొత్త మొగ్గ పుట్టించుకునే విద్య ఉంది. డాలియాకి ఆ విద్య లేదు.

మరి కన్ను ఎక్కడుంటుంది? గడ్డ మీద కాదు. గడ్డకి పైన సన్నటి మెడ ఉంటుంది చూడండి, ఆ మెడ పోయి పాత కాడకి అతుక్కునే చోట. అక్కడ ఆవగింజంత బుడిపె, పచ్చగానో లేత గులాబి రంగుగానో. గడ్డల గుత్తిని ఎండాకాలం దాటినాక తీసి, నీళ్లు చిలకరించి నీడలో వారం పెడితే ఆ బుడిపె ఉబ్బుతుంది, అప్పుడు అద్దాలు లేకుండానే కనిపిస్తుంది. అందుకే నేను తవ్విన రోజే విడదియ్యను, కళ్లు ఉబ్బినాక విడదీస్తా. పదునైన చాకు తీసుకోవాల, పాత కాడ అడుగున ముక్క కొంచెం ప్రతి గడ్డతో పాటు వచ్చేట్టు కొయ్యాల. కోసినచోట బూడిద రాసి ఒక రోజు ఆరబెట్టాల. మెడ విరిగిందా, మెలిపడిందా, ఆ గడ్డ ఎంత లావున్నా కూరకే.

కూరంటే నవ్వుతున్నారు. నిజంగానే తినొచ్చు. ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో కొండలు. అక్కడి పాత జనం దీన్ని పిలిచిన పేర్లలో అకోకోత్లి అని ఒకటి, నీళ్ల గొట్టం అని అర్థం చెప్తారు. కాడ అడ్డంగా కోసి చూస్తే ఎందుకో తెలుస్తుంది, లోపల బోలు. ఈ బోలు సంగతి మనసులో పెట్టుకోండి, మళ్లీ దానికాడికి వస్తా. 1789లో అది మెక్సికో నుంచి స్పెయిన్‌కి, మాడ్రిడ్‌లో ఉండే రాజుగారి తోటకి చేరింది. అక్కడి కవానియెస్ అనే వృక్షశాస్త్రవేత్త 1791లో దానికి డాలియా అని పేరు పెట్టినాడు. స్వీడన్‌లో, మొక్కలకి రెండు మాటల శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్‌కి ఆండర్స్ డాల్ అని ఒక శిష్యుడు ఉండేవాడు, ఆయన పేరు మీద. పాపం డాల్ 1789లోనే పోయినాడు, తన పేరుతో ఒక పువ్వుందని ఆయనకి తెలీదు. యూరప్ వాళ్లు మొదట్లో దీన్ని కూడా ఉర్లగడ్డ మాదిరి పండించి తిందామని చూసినారు. గడ్డ రుచి పట్టలేదు, పువ్వు పట్టింది. 1963లో మెక్సికో దీన్ని జాతీయ పుష్పం చేసుకుంది.

బడిలో నేను ఒక ఆట చూపించేదాన్ని. ఉర్లగడ్డ ముక్క మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లనీలంగా మారుతుంది, ఎనిమిదో తరగతి పిల్లలందరూ చేసేదే. డాలియా ముక్క మీద అదే చుక్క వేస్తే రంగు మారదు. పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్లు, గడ్డైతే పిండి ఉండాల కదా టీచర్ అని. ఇందులో పిండిపదార్థం బదులు ఇన్యులిన్ అనే ఇంకో రకం కార్బోహైడ్రేట్ దాచుకుంటుంది మొక్క. డిగ్రీలో బాటనీ చదివినవాళ్లుంటే గుర్తొస్తుంది, ప్రాక్టికల్స్‌లో డాలియా గడ్డ కోసి విసనకర్ర మాదిరి ఇన్యులిన్ స్ఫటికాలు మైక్రోస్కోపులో చూపించేవాళ్లు. ఇన్యులిన్ వేరు, ఇన్సులిన్ వేరు. పోయిన నెల పక్కింటాయన షుగర్ తగ్గుతుందని గడ్డ అడిగితే ఈ మాట చెప్పి పంపించినా. "ఇన్సులిన్ మొక్క" అని కుండీల్లో అమ్మేది ఇంకో మొక్క, దానికీ దీనికీ సంబంధం లేదు. మాత్రలు మానుకోవద్దండీ.

పరదేశం పువ్వు మనకెందుకమ్మా అనేవాళ్లకి ఒక మాట. మీ గుమ్మానికి కట్టే బంతిపూల దండ పుట్టిల్లు కూడా ఆ మెక్సికోనే. డాలియా, బంతి, చామంతి, పొద్దుతిరుగుడు ఒక ఇంటివాళ్లు. బంతికి మనం చుట్టరికం ఇచ్చినాం, డాలియాకి ఇంకా ఇయ్యలేదు, అంతే. అందుకు తప్పు డాలియాది కూడా ఉంది, మన ఊరి ఎండకి తలవంచదు అది.

ఇప్పుడు అసలు సంగతి. మా చిన్నమ్మ ఇల్లు మదనపల్లెలో. పెరట్లో బావి గట్టున డాలియాలు, చిన్నప్పటి నుంచి చూస్తా ఉండా. ఆమె గడ్డలు తవ్వేది లేదు, దాచేది లేదు. కొమ్మ ఎండిపోతే కొట్టేసేది, తొలకరి పడితే అదే లేచేది. పళ్లెమంత పువ్వులు. పెళ్లయి తిరుపతికి వచ్చినాక గడ్డలు మూటగట్టుకుని తెచ్చి అట్లనే నేలలో పెట్టినా. మొదటి ఏడు పూసినాయి. గంగమ్మ జాతర వచ్చే నాటికి మట్టి తవ్వి చూస్తే గుడ్డు పెంకు మాదిరి తొక్క మిగిలింది, లోపల ఏమీ లేదు. రెండో ఏడూ అంతే. మూడో ఏడు చిన్నమ్మ ఇంక గడ్డలు ఇయ్యనంది. "నీ చేతికి ప్రాణం నిలవదులే" అనింది. ఆ మాట నాకు గుచ్చుకునింది.

చెయ్యి కాదు, ఊరు. మదనపల్లె సముద్రమట్టానికి రెండు వేల అడుగులకి పైన ఉంది. తిరుపతి ఐదు వందల అడుగుల చిల్లర. హార్సిలీ కొండ మీద, ఊటీలో ఇది ఎట్లా పూస్తుందో చూసొచ్చి మనమూ పెంచేద్దాం అనుకుంటాం. ఇది కొండ మొక్క. పగటి ఎండ కంటే రాత్రి ఉక్క దీనికి ఎక్కువ చేటు. పగలు ఆకు సంపాదించింది రాత్రి ఊపిరి తీసుకోవడానికే ఖర్చయిపోతే పువ్వుకి ఏం మిగుల్తుంది? నెల జీతం అద్దెకే పోయినట్టు. మన ఊళ్లో రాత్రులు కాస్త చల్లబడేది కార్తీకం నుంచి మాఘం దాకా. డాలియాకి మనం ఇయ్యగలిగిన కాలం అంతే.

పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ చెప్పేది చలిదేశాల లెక్క. వాళ్లు ఏప్రిల్, మే నెలల్లో మంచు తగ్గినాక నాటుతారు, అక్టోబరులో మంచు పడగానే తవ్వి దాస్తారు. వాళ్లు దాటించాల్సింది చలికాలం. మనం దాటించాల్సింది ఎండాకాలం. ఆ పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని చదవాల. తిరుపతిలో డాలియా పూయించడం పెద్ద పని కాదు, ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా గడ్డని బతికించడం పని.

సంక్రాంతి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ముగ్గు పక్కన పువ్వు కావాలంటే, వేరు పట్టిన పిలక కుండీలోకి పోయినాక మూడు నెలలు పడుతుంది. అంటే అక్టోబరు మొదటి రెండు వారాల్లో కుండీలో ఉండాల. పిలక వేరు పట్టడానికి రెండు మూడు వారాలు. గడ్డ పిలక వెయ్యడానికి ఇంకో మూడు నాలుగు వారాలు. కాబట్టి ఈ ఆగస్టు ఆఖరికి గడ్డ తడి చూడాల. అందుకే ఈ వారం పిలవమన్నా నన్ను.

వెడల్పాటి మూకుట్లో ఇసక, కొబ్బరి పొట్టు సగం సగం పోసి గడ్డని పడుకోబెట్టండి, మెడ పైకి తేలి ఉండాల. చెమ్మ ఉంటే చాలు, నీళ్లు నిలబడకూడదు. మూడంగుళాల పిలక వచ్చినాక దాన్ని అడుగున గడ్డ చర్మం రవ్వంత వచ్చేట్టు కోసి ఇసకలో గుచ్చితే అది వేరే మొక్క. గడ్డ మళ్లీ పిలక వేస్తుంది. ఒక గడ్డ నుంచి నేను ఐదారు మొక్కలు తీసినా. ఇట్లా తీసిన మొక్క అచ్చం తల్లే. గింజ వేస్తే మాత్రం తల్లి పోలిక రాదు. మనకి క్రోమోజోములు రెండేసి జట్టుగా ఉంటే పెరటి డాలియాకి ఎనిమిదేసి. ఎనిమిది పేకముక్కలు కలిపి పంచినట్టు, ఏ బిడ్డకి ఏం పడుతుందో చెప్పలేం. గింజలతో పెంచడం కూడా సరదానే, కానీ పళ్లెమంత పువ్వు కోసమైతే పిలకే.

కుండీ పన్నెండు అంగుళాలు. రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు బాగా మాగిన పేడ ఎరువు, ఒక పాలు ఇసక, గుప్పెడు ఎముకల పిండి, గుప్పెడు వేప చెక్క. ఊతకర్ర మొక్క నాటిన రోజే గుచ్చాల. పెరిగినాక గుచ్చితే గడ్డలో దిగుతుంది కర్ర. నాలుగు జతల ఆకులొచ్చినాక తల తుంచాల. మనసు ఒప్పదు, తుంచండి. పక్క కొమ్మలు వస్తాయి.

చెనక్కాయల చెక్క నానబెట్టి నాలుగు రోజులు పులియబెట్టిన నీళ్లు టీ రంగుకి పలచన చేసి పది రోజులకోసారి పొయ్యండి. వాసనకి కింది పోర్షన్ వాళ్లు పైకి వస్తారు, ఒక పువ్వు ఇస్తానని ముందే చెప్పిపెట్టుకోండి. (నవ్వులు) మొగ్గ కనపడినాక ఆ నీళ్లు ఆపేయాల. లేకుంటే ఆకు మీద ఆకు వేస్తుంది, పువ్వుకి మెడ నిలవదు. కొమ్మ చివర మూడు మొగ్గలు వస్తాయి, నడిమిది ఉంచి పక్క రెండూ గిల్లేస్తే పువ్వు పెద్దది. బొండు మల్లెల మాదిరి చిన్న చిన్న పూలు పూసే పాంపాన్ రకానికి ఈ గిల్లుడు అక్కర్లేదు. మొదటిసారి పెంచేవాళ్లు ఆ చిన్న రకంతోనే మొదలుపెట్టండి, మన ఎండకి అది కాస్త ఓర్చుకుంటుంది.

పురుగుల గురించి ఎక్కువ చెప్పను. పేనుబంక, తామర పురుగు, బూడిద తెగులు మీ మిరప చెట్టుకి వచ్చేవే. ఫిబ్రవరిలో ఆకు వెనక సన్నటి బూజు కట్టి ఎర్ర నల్లి వస్తుంది. పైపుతో ఆకు అడుగున నీళ్లు కొట్టండి, వేపనూనె కొట్టండి.

నవంబరు వానలు మాత్రం వేరే సంగతి. మనకి పెద్ద వానలు పడేది ఈశాన్యపు గాలికి, డాలియా మంచి వయసులో ఉన్నప్పుడు. 2021 నవంబరు అందరికీ గుర్తుండేదే, రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని ఊళ్లు ఖాళీ చేయించినారు. ఆ వారం మా వాకిట్లో కుండీలు మునిగినాయి. మునిగినవి పోతాయని తెలుసు. మునగకుండా మిద్దె మీద ఉన్నవి కూడా పోయినాయి, అది నాకు అర్థం కాలేదు. తర్వాత ఒక గుత్తి తీసి నిలువునా చీల్చి చూసినా. వానకి ముందు గాలికి విరిగిన కొమ్మల్ని నేను కత్తిరించినా కదా, ఆ కోసిన బోలు కాడ నిండా నీళ్లు. గొట్టంలో పోసినట్టు వాన నేరుగా గడ్డల నడిబొడ్డుకి దిగింది. కుళ్లు అక్కడ మొదలైంది, మెడల దగ్గర. మెక్సికో వాళ్లు నీళ్ల గొట్టం అని ఊరికే అనలేదు. అప్పటి నుంచి కాడ కోస్తే పైన మైనపు ముద్దో, చపాతీలు చుట్టే వెండి కాగితమో పెట్టి దారం కడతా. ఉత్త పేడ అద్దినా పనిచేస్తుంది.

ఇంకోటి మా ఇంటి ముందు జరిగింది. డిసెంబరులో మనకి పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు, కాస్త అటూ ఇటూ. పగలు పన్నెండు గంటల కంటే తగ్గిందంటే డాలియా పువ్వు మీద ధ్యాస తగ్గించి కింద గడ్డలు ఊరించుకోవడంలో పడుతుంది. అందుకే సంక్రాంతి దాటినాక పూలు చిన్నవై, నడుమ పసుపు పొడి కనిపిస్తా ఉంటుంది. ఒక కుండీ మాత్రం జనవరి ఆఖర్లో కూడా నిండుగా పూసింది. మట్టి అదే, ఎరువు అదే. రాత్రి పూట బయటికి వచ్చి చూస్తే తెలిసింది, వీధి దీపం వెలుగు నేరుగా దాని మీద పడుతోంది. దానికి రాత్రి రాత్రిగా లేదు. పూలు అమ్మేందుకు పెంచేవాళ్లు కొన్ని దేశాల్లో కావాలనే రాత్రిళ్లు దీపాలు వేస్తారు. మాకు మున్సిపాలిటీ ఉచితంగా వేసింది.

మార్చిలో ఆకు పసుపు తిరిగితే నీళ్లు తగ్గించండి, ఎండిపోనీయండి. జానెడు కాడ ఉంచి కోసి, కుండీ బోర్లించి మట్టి ముద్దతో పాటు గడ్డలు తియ్యండి. నేలలో ఉంటే చేత్తోనూ చిన్న తొలికతోనూ దూరం నుంచి తవ్వండి. గునపం వద్దు. తిరుమల కొండ మీద అనంతాళ్వార్ అనే భక్తుడు పూలతోటకి చెరువు తవ్వతా విసిరిన గునపం ఇప్పటికీ మహాద్వారం దగ్గర వేలాడుతోంది, దర్శనానికి పోయినప్పుడు పైకి చూడండి. అప్పుడు స్వామికి గడ్డం పగిలింది, మనకి గడ్డలు పగులుతాయి. (నవ్వులు)

ఇంక ఏప్రిల్, మే, జూన్, జులై. చలిదేశాల వాళ్లు ఐదు నుంచి పది డిగ్రీల చల్లదనంలో దాస్తారు. మన గదుల్లో ముప్పై ఐదు. ఫ్రిజ్‌లో పెట్టి చూసినా, కూరగాయల డబ్బాలో. రెండు కుళ్లినాయి, మూడోది మా కోడలు ముల్లంగి అనుకుని సాంబారులో వేసింది. సాంబారు బాగనే ఉంది. ఆఖరికి దారి చూపించింది మా అత్తగారి నీళ్ల కుండ. వంటింటి మూల ఇసక పరుపు మీద పెద్ద కుండ ఉంటుంది మాకు. మేలో కూడా ఆ ఇసకలో వేలు పెడితే చల్లగా తగుల్తుంది, కుండ చెమర్చి ఇసకకి చెమ్మ దిగుతా ఉంటుంది కదా. గడ్డల గుత్తిని ఎండు కొబ్బరి పొట్టు నింపిన మట్టి చట్టిలో పెట్టి, చట్టి మీద మూకుడు మూసి, ఆ ఇసకలో మెడ దాకా పూడ్చినా. నేరుగా తడి తగలదు, చల్లదనం తగుల్తుంది. పదిహేను రోజులకోసారి తెరిచి చూడాల. ముడత ఎక్కువైతే వేళ్లతో నాలుగు చుక్కలు చిలకరించాల, మెత్తబడినది ఉంటే తీసి పారేయాల. ఆ ఏడు తొమ్మిదిలో ఆరు బతికినాయి. చిన్నమ్మకి ఫోను చేసి చెప్పినా.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: పూజకి పనికొస్తుందా టీచరమ్మా?)

వాసన లేదు దీనికి. వాసన లేనిది దేవుడికెందుకని మా అత్తగారు అనేవారు. నేను గుమ్మం పక్కన ఇత్తడి చెంబులో పెడతా. కొయ్యడం తెల్లవారుజామున కొయ్యాల, పూర్తిగా విచ్చినదే కొయ్యాల. మొగ్గగా కోస్తే చెంబులో విచ్చదు, గులాబి మాదిరి కాదు. నీళ్లు రోజూ మారిస్తే నాలుగైదు రోజులు ఉంటుంది.

(ఇంకో శ్రోత: మా మిద్దె మీద రోజంతా ఎండ పడుతుందక్కా.)

డిసెంబరులో పడనీ, కావాల్సిందే. అక్టోబరులో మాత్రం మధ్యాహ్నం పచ్చ గుడ్డ కట్టు. కుండీలు సిమెంటు మీద నేరుగా పెట్టొద్దు, రెండు ఇటుకలు వెయ్యి, వేరుకి వేడి తగలకుండా.

సరే, నా గడ్డలు ఎక్కడిదాకా వచ్చినాయి? ఏమ్మా, నువ్వు ఏ క్లాసు? ఆరా? ఏది మొలుస్తుందంటావు... చిన్నదా, ఎందుకు? "దీనికి తలకాయ ఉంది" అంటోంది చూడండి. లావు గడ్డ మెడ విరిగింది, చూసినారా ఎవరన్నా? అది ఎవరికన్నా సాంబారుకి కావాలంటే తీసుకుపోండి. చిన్నది మాత్రం నాకు ఇచ్చేయండి, సాయంత్రం ఇసకలో పెట్టాల. పిలక వచ్చినాక ఒకటి ఈ పాపకి.